ఇంటర్వెల్ ఎక్కడ వేశాడు?

సినిమాలో పల్లెటూరి పిల్ల పట్నంలో రైలు దిగితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎవడో పెట్టె ఎత్తుకుపోతాడు. ఎటునుంచో హీరో పరుగెత్తుకొస్తాడు. రెండు రీళ్ళు తిరిగేలోపు ఇల్లూ దొరుకుతుంది, పాటా దొరుకుతుంది. నేను లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగినప్పుడు నా పెట్టె వైపు ఎవ్వరూ కన్నెత్తి చూడలేదు. ఎవడైనా ఎత్తుకుపోతే బాగుండునన్నంత బరువుంది! లోపల మా అమ్మ సర్దిన ఆవకాయ సీసా, సున్నుండల డబ్బా, నా ఇంజనీరింగ్ సర్టిఫికెట్లు. అది 2022 జూలై.

"ఏడికి పోవాలమ్మా?" అన్నాడు ఆటో అతను.

"మాదాపూర్ అండి. అయ్యప్ప సొసైటీ అండి."

"గోదావరోళ్ళా?" అని నవ్వాడు. రెండు 'అండి'లకే నా జాతకం మొత్తం బయటపడిపోయింది.

నిజానికి నా చేతిలో హీరోయిన్లకు లేనిది ఒకటుంది. ఉద్యోగం కాగితం! కాలేజీలోనే సెలక్టయ్యాను. పదిహేను రోజుల్లో చేరాలి. మా వీధిలో అప్పటికే స్వీట్లు పంచేశారు.

ముందు మా నాన్న సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ కథ నడవదు.

మా వూరు మండపేట. మా నాన్న అక్కడో సినిమా హాల్లో ఆపరేటరు. 1981లో, పదిహేనేళ్ళ వయసులో, రీళ్ళు చుట్టే కుర్రాడిగా క్యాబిన్లో కాలుపెట్టాడు. ఆయన తన చేత్తో చుట్టిన మొదటి సినిమా 'ఆకలి రాజ్యం'. బాలచందర్ తీసిన ఆ బొమ్మ మీరూ చూసే వుంటారు. ఉద్యోగం కోసం ఢిల్లీ వెళ్ళిన కమల్‌హాసన్, పస్తులు, శ్రీదేవి, మధ్యమధ్య శ్రీశ్రీ కవిత్వం. సినిమా పిచ్చి వున్న కుర్రాళ్ళు మద్రాసు మెయిలెక్కి కోడంబాకం పోయే రోజులవి. మా నాన్న మాత్రం క్యాబిన్ మెట్లెక్కాడు. "తెరమీద బొమ్మ కనబడాలంటే వెనకాల ఒకడుండాలి గదే" అంటాడు.

ఆ క్యాబిన్ ఎలా వుండేదో ఇప్పటి మల్టీప్లెక్సు ప్రేక్షకులకు తెలిసే వీల్లేదు. రెండు ప్రొజెక్టర్లు. ఒక్కోదాంట్లో రెండు కార్బన్ కడ్డీలు, కొసలు దగ్గర చేస్తే భగ్గున వెలుగు. అరిగేకొద్దీ వాటిని జరుపుతుండాలి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. అయిపోవస్తోందనగా తెరకు కుడివైపు పైమూల చిన్న చుక్క పడుతుంది. అంటే రెండో మిషను మోటారు వెయ్యమని. మళ్ళీ చుక్క పడగానే బొమ్మను దాని మీదికి మార్చాలి. కన్ను చెదిరిందా, తెర నల్లబడుతుంది. నేల క్లాసులోంచి ఈలలు, కేకలు, ఆపరేటరు వంశాన్నంతా తలుచుకోవడాలు! చిన్నప్పుడు ఆ క్యాబిన్లో స్టూలు మీద కూచుని నేను చూసింది సినిమా కాదు, ఆ చుక్క. అది పడగానే "నాన్నా, చుక్క!" అని అరిచేదాన్ని. నేను అరవకముందే ఆయన చెయ్యి అక్కడ వుండేది.

2010 దాటాక డిజిటల్ వచ్చింది. రీళ్ళు పోయాయి, కార్బన్లు పోయాయి, ప్రొజెక్టర్లు పాత ఇనుము కింద పోయాయి. కొన్నాళ్ళకు హాలే ఫంక్షన్ హాలయింది. ఇప్పుడు మా నాన్న అదే హాల్లో పెళ్ళిళ్ళకు సీరియల్ లైట్లు కడతాడు. అక్కడే కట్టిన లైట్ల డబ్బుల్తో నా చదువు. ఆయనకు మిగిలిపోయిన ఆపరేటరు అలవాటు ఒక్కటే. ఎవరు ఏ సినిమా చూసొచ్చినా కథ అడగడు, హీరో ఎలా చేశాడని అడగడు. "ఇంటర్వెల్ ఎక్కడ వేశాడు?" అని అడుగుతాడు.

సరే, మాదాపూర్ కొద్దాం.

ఆ 'ఆకలి రాజ్యం' ఆడిన రోజుల్లో ఇక్కడ రాళ్ళూ, తుప్పలూ తప్ప మరేం లేవట. రాళ్ళంటే మామూలు రాళ్ళా! దాదాపు రెండువందల యాభై కోట్ల ఏళ్ళనాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. పక్కనే దుర్గం చెరువు, ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీళ్ళిచ్చిన చెరువు. 1992లో శిల్పారామం వచ్చింది. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ గుండ్రటి భవనంతో ఈ వూరి జాతకం మారిపోయింది. ఇప్పుడు చెరువు మీద తీగల వంతెన. 2020లో తెరిచిన దగ్గర్నుంచి మన సినిమాల్లో డ్రోన్ ఎగిరితే దాని మీదనే ఎగురుతోంది. మీరూ చూశారు, నేనూ చూశాను. తెర మీద చూసినప్పుడు ఆ లైట్లన్నీ నాకోసమే వెలిగించారనుకున్నాను. శేఖర్ కమ్ముల 'ఆనంద్'లో రూపలాగా నాకూ ఒక చిన్న ఇల్లూ, వానా, చేతిలో కాఫీ కప్పూ వుంటాయనుకున్నాను.

అయ్యప్ప సొసైటీలో నాకు దొరికింది నలుగురి గదిలో ఒక మంచం, సగం బీరువా. నెలకు ఆరు వేలు, తిండితో సహా. కిటికీ తెరిస్తే పక్క హాస్టలు గోడ. ఆ గోడలో కిటికీ, అందులోంచి నావైపు చూస్తున్న నాలాంటి అమ్మాయి. ఆ సందుల్లో నడిస్తే హాస్టలు కాని ఇల్లు కనబడితే ఆశ్చర్యపోవాలి. మా హాస్టలు ఆంటీది ఒంగోలు వైపు. "ఏందమ్మా, ఆవకాయ తెచ్చావా? అయితే నెలరోజులు నా కూరలు బాగుంటాయిలే" అంది మొదటిరోజే. నా గదిలో ఒకరిది కరీంనగర్, ఒకరిది అనంతపురం, ఇంకొకరిది శ్రీకాకుళం. నలుగురం మాట్లాడేదీ తెలుగే గాని, మొదటివారం ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేందుకు సబ్‌టైటిల్స్ వుంటే బాగుండేది!

చేరాల్సిన తేదీకి మూడు రోజుల ముందు మెయిలొచ్చింది. వ్యాపార కారణాల వల్ల మీ జాయినింగు వాయిదా పడింది, కొత్త తేదీ తరువాత తెలియజేస్తాము. అంతే, నాలుగు లైన్లు. ఆ కంపెనీ పేరెందుకు లెండి. ఆ ఏడాది దేశం మొత్తం మీద ఇలా కాగితం చేత పట్టుకుని కూచున్నవాళ్ళు ఎందరో వున్నారని తర్వాత పేపర్లలో వచ్చింది. ఎందరుంటే మాత్రం ఏం? ఆ రాత్రి ఆ నాలుగు లైన్లూ నా ఒక్కదానికోసమే రాసినట్టున్నాయి.

తొమ్మిదిన్నరకు నాన్న ఫోను. రెండో ఆట మొదలయ్యే వేళ అది. ఆయనకు హాలు పోయినా టైము పోలేదు.

"ఏం అమ్మలూ, సోమవారం నుంచేగా ఆఫీసు?"

"ఆఁ నాన్నా."

చూశారా, ఎంత తేలికో! ఒక్క 'ఆఁ'. దానికోసం నెలపైన నేను పడ్డ పాట్లు వింటే మీరు నవ్వుతారు. సోమవారం పొద్దున్నే తలదువ్వుకుని, ఇస్త్రీ చుడీదారు వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని గదిలో వాళ్ళతోబాటే బయల్దేరాను. వాళ్ళకీ చెప్పలేదు. హైటెక్ సిటీ మెట్రో స్టేషను దాకా నడిచేదాన్ని. వేలకు వేలమంది మెట్లు దిగి, మెడలో ట్యాగులూపుకుంటూ, చెవుల్లో తీగలు పెట్టుకుని వెళ్ళిపోయేవారు. నేను ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు స్తంభం పక్కన నిలబడేదాన్ని. అరగంట ఒక స్తంభం, అరగంట ఇంకో స్తంభం. సెక్యూరిటీ అతను చూసినప్పుడల్లా వాచీ చూసుకోవాలి. నటన కష్టం బాబూ! పారితోషికాలు ఎందుకంత తీసుకుంటారో అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం ఆకలేస్తే సున్నుండ. అవి అయిపోయాక టీ, రెండు బిస్కట్లు. సాయంత్రం ఆరింటికి అలసిపోయిన మొహం పెట్టుకుని గదికి. నిజంగానే అలసిపోయేదాన్ని లెండి, ఆ మొహం పెద్దగా పెట్టుకోనక్కర్లేకపోయింది.

రెండోవారంలో నాన్న ఫొటో అడిగాడు. "ఆఫీసు ముందు నిలబడి ఒకటి తీయించుకుని పంపు. టీకొట్టు దగ్గర అందరూ అడుగుతున్నారు." కరీంనగర్ అమ్మాయిది ట్యాగు అరువడిగాను. ఎందుకని అడగలేదు. తీసిచ్చి, నా వంక చూసి, "ఏమైందక్కా? రోజూ ఏడికి పోతున్నవ్ నువ్వు?" అంది మెల్లగా. ఆ 'అక్కా'కు నా గుండె ఆగలేదు. మంచం మీద కూచుని మొత్తం చెప్పేశాను. తను ఏమీ అనలేదు. ఆదివారం నన్ను సైబర్ టవర్స్ ముందుకు తీసుకుపోయి తనే ఫొటో తీసింది. తన పేరు కనబడకుండా ట్యాగు వెనక్కి తిప్పి.

ఆ ఫొటో మండపేటలో వారం రోజులు ఆడింది. సూపర్ హిట్టు.

ఆగస్టు వచ్చింది. 5వ తేదీ శుక్రవారం 'సీతా రామం' విడుదలైంది. మా గది వాళ్ళు మాల్లో మొదటిరోజే చూసొచ్చారు. నన్నూ రమ్మన్నారు. టిక్కెట్టు డబ్బులకు ఎన్ని టీలొస్తాయో లెక్కేసుకుని, తలనొప్పన్నాను. వాళ్ళు అర్ధరాత్రి దాకా కథ చెప్పుకుంటూనే వున్నారు. ఎవరూ లేని సైనికుడు, రేడియోలో అతని గురించి విని ఎక్కడెక్కడి వాళ్ళో అతనికి ఉత్తరాలు రాయడం. దుప్పటి ముసుగులో అంతా విన్నాను. ఎవరూ లేనివాడికి అన్ని ఉత్తరాలు వస్తే, అందరూ వున్న నేను ఒక్క నిజం రాయలేకపోతున్నానే అని ఒక పక్క, కథ భలే వుందే అని ఒక పక్క.

మర్నాడు రాత్రి ఫోనులో నాన్నే అడిగాడు. "శుక్రవారం గదా, ఏం చూశావు? ఉద్యోగస్తురాలివి, ఇక ప్రతివారం సినిమాయే నీకు."

"సీతా రామం చూశాను నాన్నా" అన్నాను. ఇక నోరు ఆగలేదు. దుల్కర్ బాగా చేశాడన్నాను. మృణాల్‌ను చూస్తే మన పాత హీరోయిన్లు గుర్తొచ్చారన్నాను. కాశ్మీరు మంచును చూసి చలేసిందన్నాను. ఫోనులో మా అమ్మ కూడా వింటోంది, "అబ్బో, అలాగా!" అంటోంది. అన్నీ విని ఆయన అడిగాడు.

"ఇంటర్వెల్ ఎక్కడ వేశాడు?"

కథ ఎవరైనా చెబుతారు. పాటలు ఎక్కడైనా వినబడతాయి. రివ్యూల్లో ఇంటర్వెల్ బాగుందని రాస్తారు గాని ఏ సీను మీద లైట్లు వేశారో రాయరు. అది హాల్లో కూచున్నవాళ్ళకే తెలుస్తుంది. మా గదివాళ్ళు అర్ధరాత్రి దాకా చెప్పుకున్న కబుర్లలో అదొక్కటీ లేదు.

"గుర్తులేదు నాన్నా."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "సరే. తిని పడుకో" అని పెట్టేశాడు.

ఆదివారం ఫోను రాలేదు. సోమవారం రాలేదు. నేను చెయ్యడానికి ధైర్యం చాల్లేదు. మంగళవారం తెల్లవారి మోగింది.

"లింగంపల్లిలో దిగాను. మీ హాస్టలుకు ఏ ఆటో ఎక్కాలి?"

లేడీస్ హాస్టళ్ళలో మగవాళ్ళను గేటు దాటనివ్వరు. నేను కిందికి పరుగెత్తి వచ్చేసరికి నాన్న గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో టిఫిన్ క్యారేజీతో కూచున్నాడు. జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి వచ్చినట్టు చొక్కా నలిగిపోయింది. ఆంటీ టీ ఇచ్చి ఆయనతో పెళ్ళి లైటింగ్ రేట్లు మాట్లాడుతోంది! నన్ను చూసి లేచాడు. "ఆఫీసు టైమయిందా?" అన్నాడు. వెటకారం కాదు. నాకు ఇంకో అవకాశం ఇస్తున్నాడని నాకు తెలిసింది.

"ఆఫీసు లేదు నాన్నా" అన్నాను.

సందు మూల టీ బండి దగ్గర బల్ల మీద కూచున్నాం. మెయిలు చూపించాను. ఇంగ్లీషు ఆయనకు రాదు, నేనే చదివి చెప్పాను. స్తంభాల సంగతి చెప్పాను. బిస్కట్ల సంగతి చెప్పకుండా వుండాలనుకున్నాను, అదీ చెప్పేశాను.

"'ఆకలి రాజ్యం' రెండు వారాలాడింది మా హాల్లో" అన్నాడు నాన్న. "రోజుకు నాలుగాటలు. తినడానికేం లేకపోయినా తిన్నట్టు నటించే సీను వుంటుందే, అది వచ్చినప్పుడల్లా రీలు చుట్టడం ఆపి చూసేవాణ్ణి. ఆ నటన నాకు తెలీదనుకున్నావా?"

నేను తల వంచుకున్నాను.

"రీలు మధ్యలో తెగిందనుకో. తెర నల్లబడితే జనం ఏం చేస్తారు? గోల చేస్తారు. ఆ గోల వింటేనే క్యాబిన్లో వున్నవాడికి తెలిసేది, పరుగెత్తుకొచ్చి అతికించేది. నెలరోజులు తెర నల్లగా వుంటే ఒక్క కేకన్నా వెయ్యలేదేమే?"

"ఊళ్ళో అందరికీ చెప్పుకున్నావు గదా నాన్నా. ఫొటో కూడా చూపించావు."

"ఆ ఫొటోయా? ట్యాగు తిరగబడి వుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు పేరు కనబడేట్టు వేసుకుంటారు గాని దాచుకుంటారా? అప్పుడే అనుమానం వచ్చింది."

"మరి ఎందుకు చూపించావు?"

"ఫొటోలో బాగున్నావు. అందుకని చూపించాను."

టీ బండి అతను అటు తిరిగి గ్లాసులు కడుగుతున్నాడు. అతనికీ వినబడిందనుకుంటాను.

"ఇంటికొస్తావా, వుంటావా?" అని అడిగాడు నాన్న. రమ్మనలేదు, వుండమనలేదు. సినిమాల్లో అయితే తండ్రి ఇక్కడ పెద్ద డైలాగు చెబుతాడు. మా నాన్న జేబులోంచి పెళ్ళివారు ఇచ్చిన కవరు తీసి బల్లమీద పెట్టాడు. దాని మీద ఇంకా పసుపు మరక వుంది. రెండు నెలలు వుంటాను అన్నాను. తర్వాత నా దారి నేనే చూసుకుంటాను.

ఆ తర్వాత సంగతులు చెప్పాలంటే చాలా వుంది, క్లుప్తంగా చెబుతాను. హాస్టలు ఆంటీ రిజిస్టరు నాకు అప్పజెప్పి ఫీజులో సగం తగ్గించింది. వచ్చిన ప్రతి అమ్మాయి పేరూ, వూరూ, తండ్రి ఫోన్ నెంబరూ నేనే రాసుకునేదాన్ని. అందరి చేతిలోనూ కొత్త ప్లాస్టిక్ బకెట్టు, అందరి మొహంలోనూ ఒకే సంతోషం, ఒకే బెదురు. సాయంత్రాలు అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు. 2023 జనవరిలో ఒక చిన్న కంపెనీలో, అనుకున్న జీతంలో సగానికి చేరాను. మొదటి కంపెనీ నుంచి పిలుపు వచ్చేసరికి వేసవి వచ్చింది. అప్పటికి నాకు మెడలో నా పేరున్న ట్యాగు వుంది. వెళ్ళలేదు.

కాని నేను చెప్పాలనుకున్నది ఆ మంగళవారం సంగతి. క్యారేజీలో అమ్మ పంపిన పులిహోర ఇద్దరం తిన్నాక నాన్న "ఆ సినిమా ఆడుతోందిగా, పద" అన్నాడు. మాల్లో కాదు, "హాలుకి" అన్నాడు. హాలంటే హైదరాబాదులో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ అని ఆపరేటర్లందరికీ తెలుసు. దేవి, సుదర్శన్, సంధ్య - మండపేటలో వుండి ఆయనకు ఆ పేర్లన్నీ నోటికొచ్చు. మెట్రో ఎక్కడం ఆయనకదే మొదలు. నేను రోజూ నిలబడే స్తంభాలు చూపించాను. "మంచి స్తంభాలే" అన్నాడు. పరేడ్ గ్రౌండ్ దగ్గర రైలు మారాం.

హాల్లో సగం నిండింది. బొమ్మ మొదలైంది. నాకు కథ అంతా తెలుసు, అయినా తెలీనట్టే వుంది. నా పక్కన నాన్న మాత్రం కాసేపు తెర చూడ్డం, కాసేపు తల తిప్పి వెనక గోడలో వెలుగొచ్చే చిన్న కిటికీకేసి చూడ్డం. అక్కడ ఎవరూ వుండరు ఇప్పుడు. కంప్యూటరు దాని పని అది చేసుకుపోతుంది. అది ఆయనకూ తెలుసు. అయినా రీలు అయిపోవచ్చే వేళకల్లా, అదే లెక్కన, కుడిచేతి వేళ్ళు కుర్చీ చేతి మీద కదులుతున్నాయి. తెర కుడివైపు పైమూలకు కళ్ళు పోతున్నాయి. చుక్క పడదు. చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి వస్తుంది. మళ్ళీ పదకొండు నిమిషాలకు వేళ్ళు కదులుతాయి.

హాల్లో లైట్లు వెలిగాయి.

"ఇప్పుడు చెప్పు. ఎక్కడ వేశాడు?" అన్నాడు నాన్న.

నిజం చెప్పొద్దూ, నేను చూళ్ళేదు. అదే చెప్పాను.

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, "కూచో. సమోసాలు తెస్తాను" అని లేచాడు.